సూదికి ముందు చూపు: కర్నూలు సీమలోని హైడాటిడ్ తిత్తులు

కడుపులో గడ్డ యున్నదని తెలియుట యొకటి; అది యెట్టి గడ్డయో తెలియుట మరియొకటి. మొదటిది వైద్యుని చేతికి తగులును, ఒక్కొక్కప్పుడు రోగి చేతికే తగులును. రెండవది చేతికి లొంగదు. మన ప్రాచీనులు ఈ కష్టమును బాగుగా నెరిగినవారు. చరకసంహిత నిదానస్థానమున గుల్మములకై ప్రత్యేకముగా నొక యధ్యాయమే కలదు. వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త భేదములచే నవి యైదు విధములని యందు చెప్పబడినది. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గముల రోగిని పరీక్షింపవలెనని మన వైద్యశాస్త్రము విధించినది. కాని ఆ మూటిలో దర్శనము చర్మముకడనే యాగిపోయెడిది. లోపలి గడ్డను గూర్చి స్పర్శ యెంత చెప్పునో వైద్యుడంతయే చెప్పగలిగెడివాడు. ప్రక్కటెముకల క్రింద గట్టిగా తగిలిన ప్రతిదానిని పల్లెలలో నేటికిని 'బల్ల' యని పిలుచుట ఆ కాలపు శేషమే. గడచిన 130 సంవత్సరములలో దర్శనము చర్మమును దాటి లోపలికి పోయినది. ఆ లోచూపు మన గ్రామములకు ఎంతవరకు వచ్చినదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను మేము కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములను దృష్టియందుంచుకొని వేయుచున్నాము. కారణము కలదు. అనేక దేశముల వైద్యులు తమ జీవితకాలమున ఒకటి రెండు మారులు మాత్రమే చూచెడి యొక గడ్డ కర్నూలు శస్త్రవైద్యులకు క్రొత్తది గాదు. దాని పేరు హైడాటిడ్ తిత్తి. భారతదేశమున నిది ఆంధ్ర తమిళ ప్రాంతములందు హెచ్చుగా కానవచ్చునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చి అను పత్రికలో కర్నూలునందలి హైడాటిడ్ వ్యాధి వ్యాప్తిని గూర్చి ప్రత్యేకముగా నొక వ్యాసము వెలువడినది. ఒక ఊరి పేరు ఒక వ్యాధి పేరు ప్రక్కన శాస్త్రపత్రికల కెక్కుట గొప్ప చెప్పుకొనదగిన విషయము గాదు. అది హెచ్చరిక. ఆ హెచ్చరిక విని అర్ధశతాబ్దము దాటినను, ఈ సీమలో ఆ వ్యాధి పేరు విన్న గృహస్థులు మిక్కిలి కొద్దిమంది.

ఇది క్యాన్సరు గాదు, చీముగడ్డయు గాదు. ఒక పురుగు పిల్ల కట్టుకొనిన యిల్లు. కుక్కల ప్రేవులలో నివసించు బద్దెపురుగులలో నొకదానికి ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అని పేరు. అది ఇంచుమించు జొన్నగింజ పొడవున నుండును. దాని గ్రుడ్లు కుక్క మలముతో నేలబడి, గడ్డితో గొర్రె కడుపున చేరును. అచ్చట గ్రుడ్డు విచ్చి, లోపలి పిల్ల ప్రేగుగోడను తొలుచుకొని రక్తమున బడి, కాలేయమునకో ఊపిరితిత్తులకో పోయి నీటితో నిండిన తిత్తిగా పెరుగును. ఆ గొర్రెను కోసి, తిత్తియున్న కాలేయమును పచ్చిగా కుక్కకు వేసినచో చక్రము పూర్తియగును. ఈ చక్రమున మనుష్యునకు చోటు లేదు, పొరపాటున దూరినవాడు. కుక్కను నిమిరిన చేతితో అన్నము తినినను, కడుగని ఆకుకూర తినినను, మలినమైన నీరు త్రాగినను ఆ గ్రుడ్లు లోపలికి పోవచ్చును. పిదప గొర్రెకు జరిగినదే వానికిని జరుగును. రోగినుండి మరియొకరికిది యంటదు. మాంసము తినుటవలన వచ్చుననుటయు సరికాదు. కుక్క నడుమ లేనిదే ఈ వ్యాధి లేదు.

భూవసతి గల మా పాఠకులు కొందరు, ఇది గొర్రెలకాపరుల బాధ గదా, మాకేమి యనవచ్చును. ఎరువుకొరకు పొలమున మంద కట్టించని రైతు ఈ సీమలో ఎవడు? మంద యూరక రాదు. వెంట కుక్కలు వచ్చును. అవి రాత్రులు మన పొలముననే పరుండును, మన బావికడనే నీరు త్రాగును, మన పిల్లలతోనే యాడును. పట్టణవాసులు మాంసపు అంగళ్ల ముందట కాచుకొనియుండు వీధికుక్కలను రోజును చూచుచునే యున్నారు. జాతరలనాడు ఊరిబయట కోసిన పొట్టేళ్ల లోపలి భాగము లెచ్చట పడుచున్నవో యెవరును విచారించుట లేదు. వ్యాధి కురువ కాపరి గుడిసెలో మొదలిడి యుండవచ్చును గాని, అచ్చటనే ఆగునని మాత్ర మెవ్వరును ధీమాగా నుండరాదు.

ఈ తిత్తి స్వభావములో మొదటి కీడు దాని మౌనము. చిన్నతనమున లోపల ప్రవేశించినది పది పదునైదేండ్ల తరువాత గాని బయటపడకపోవచ్చును. ఇంచుమించు నూటికి 70 తిత్తులు కాలేయమున, 20 ఊపిరితిత్తులలో నుండును. మిగిలినవి శరీరమున నెచ్చటనైనను ఉండవచ్చును. కొన్ని ఏండ్లతరబడి పెరుగకయే యుండును. కొన్ని కొబ్బరికాయంత యగును. కుడిడొక్కలో బరువు, నొప్పి, ఒక్కొక్కప్పుడు పిత్తనాళమున పగిలినచో కామెర్లు. ఊపిరితిత్తిలో పగిలినచో దగ్గుతో ఉప్పనినీరును, ద్రాక్షతొక్కలవంటి పొరలును పడును. అంతవరకు రోగి పొలముపనులు చేసికొనుచునే యుండును.

రెండవ కీడు ఇంకను క్రూరమైనది. తిత్తిలోని నీరు చూచుటకు కొబ్బరినీటివలె నిర్మలముగా నుండును. కాని అది కడుపులో నొలికినచో దేహము సహింపలేదు. నిమిషములలో రక్తపుపోటు పడిపోయి, ఊపిరాడక, ప్రాణము పోవచ్చును. ప్రాణము దక్కినను, ఆ నీటిలోని సూక్ష్మశిరస్సులు ఒక్కొక్కటి యొక్కొక్క క్రొత్త తిత్తికి విత్తనమై, కొన్నియేండ్లకు కడుపునిండ తిత్తులు పండును. అందుచే, గడ్డ యేమో చూతమని వైద్యుడు తొందరపడి సూది పొడుచుట, మరియొక సీమలో సాధారణ పరీక్ష యైనను, ఈ సీమలో ప్రమాదముతో చెలగాటము. సూదికి ముందు చూపు కావలెనని మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇందుకే. కోడుమూరు వైపునుండి వచ్చిన రోగి కాలేయమున నీటిగడ్డ యున్నచో, కాదని తేలువరకు అది హైడాటిడ్ తిత్తియే యని యెంచి నడచుకొనుట వివేకము.

ఆ చూపు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలసియున్నది. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జుబర్గు పట్టణమున రాంట్‌గెన్ పండితుడు ఎక్స్-కిరణములను కనుగొనెను. 1934లో మదరాసు జనరల్ ఆసుపత్రియందు బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసినది. దత్తమండలములు నాడు ఆ రాజధానిలోనివే. ఎక్స్-కిరణములు ఎముకను, ఊపిరితిత్తిలోని గుండ్రని నీడను చక్కగా చూపును. కాలేయములోని తిత్తి గోడకు సున్నము పట్టినచో దానిని చూపును. సున్నము పట్టని తిత్తి యెదుట నవి యించుమించు గ్రుడ్డివే. కాలేయమును, తిత్తిని ఒకే నీడగా కలిపివేయును. 1912 ప్రాంతమున ఇటలీ వైద్యుడు కసోని, చర్మములోనికి తిత్తినీటిని లేశమాత్రము ఎక్కించి దద్దురు లేచునేమో చూచు పరీక్షను ప్రచారమునకు తెచ్చెను. చాలకాలము దానినే నమ్ముకొనిరి. అది వ్యాధి లేనివారికి ఉన్నదనియు, ఉన్నవారికి లేదనియు చెప్పుచుండుటచే తుదకు మూలబడినది.

అసలైన మార్పు ధ్వనివలన వచ్చినది. 1958 జూనులో గ్లాస్గో నగరపు ఇయాన్ డొనాల్డు అను వైద్యుడు, మాక్‌వికర్ అను మరియొక వైద్యునితోను, బ్రౌన్ అను ఇంజనీరుతోను కలిసి లాన్సెట్ పత్రికలో నొక వ్యాసము ప్రకటించెను. ఉదరమునందలి గడ్డలను ధ్వనితరంగములతో పరీక్షించుటయే దాని విషయము. ఉక్కులోని పగుళ్లను కనిపెట్టుటకు కర్మాగారములు వాడెడి యంత్రమునుండి వారికా యోచన కలిగినది. వారు పరీక్షించిన స్త్రీలలో నొకతెకు, శస్త్రమునకు లొంగని క్యాన్సరని అంతకుముందే నిర్ణయమై యుండెను. యంత్రము అది క్యాన్సరు కాదు, పెద్ద తిత్తి యని చూపెను. అండాశయమునుండి పెరిగిన ఆ తిత్తిని తీసివేసిరి, ఆమె బ్రతికెను. చేతికి రెండును గడ్డలే.

దాని పద్ధతి పల్లెవారికి తెలియని దేమియు గాదు. పాడుబావిలో కేక వేసినచో లోతునుబట్టి, నీటినిబట్టి మారుమ్రోత వచ్చును గదా. చెవికి వినరాని ధ్వనిని, క్షణమునకు లక్షలకొలది కంపనములు గలదానిని, ఒంటిలోనికి పంపి వచ్చిన మారుమ్రోతలను చిత్రముగా కూర్చుటయే అల్ట్రాసౌండు. కండ కొంత మ్రోత నిచ్చును, బూడిదరంగున కనబడును. రాయి యంతటిని త్రిప్పికొట్టును, తెల్లగా మెరయును. నిర్మలమైన నీరు ఏ మ్రోతయు నీయదు, నల్లగా నుండును. కనుక నీటితిత్తిని చూచుటకు దీనిని మించిన సాధనము లేదు. ఇందు ఎక్స్-కిరణముల హాని లేదు, వ్యయము స్వల్పము, పిల్లలకు, గర్భిణులకు భయము లేదు. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో తొలి రోగికి సి.టి. స్కాను జరిగినది. ఆ రోగి మెదడులోను బయటపడినది తిత్తివంటి గడ్డయే! సి.టి., ఎం.ఆర్.ఐ.లు అటుతరువాత ఎంత పెరిగినవో పాఠకు లెరిగినదే. కాలేయపు తిత్తికి మాత్రము మొదటి పరీక్ష నేటికిని అల్ట్రాసౌండే.

అది చూపు చిత్రములు విచిత్రములు. తిత్తి గోడ రెండు తెల్లని గీతలుగా కనబడును. రోగిని ప్రక్కకు పొరలించినచో తిత్తి యడుగున పేరుకొన్న సన్నని యిసుకవంటి పదార్థము మంచుపొడివలె లేచి తేలును. లోపలిపొర గోడనుండి యూడి నీటిలో తేలియాడినచో దానిని వైద్యులు కలువ గుర్తు అందురు. మరణమును మోసెడి వస్తువునకు ఎంత యందమైన పేరు! తల్లితిత్తిలో పిల్లతిత్తులు నిండినచో తేనెపట్టువలెనో, బండిచక్రపు ఆకులవలెనో యుండును. ముదిరి చచ్చినది నూలుకండెవలె చిక్కుపడిన పొరలతో గట్టిపడును. తుదకు గోడ సున్నమై మందపునీడ పరచును. చీముగడ్డకు ఈ గుర్తులు లేవు, క్యాన్సరుకును లేవు. ఏ గుర్తును లేక కేవలము నల్లని నీటిగుండ్రముగా నున్నప్పుడు మాత్రము కొంత సందిగ్ధము. పుట్టుకతో వచ్చు నిరపాయమైన తిత్తులును అట్లే యుండును. అప్పుడు రక్తపరీక్ష తోడు కావలెను. ఆ రక్తపరీక్షయు, తిత్తి ఊపిరితిత్తిలో నున్నప్పుడును, తిత్తి చచ్చినప్పుడును తరచుగా మోసగించును. కావున తుదిమాట చాలవరకు చిత్రముదే.

ఈ గుర్తులు కేవలము పేరు పెట్టుటకే కాదు. 1981లో ట్యునీషియా వైద్యుడు ఘర్బీ వీనినిబట్టి తిత్తులను తరగతులుగా విభజించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి నిపుణులు దానిని సంస్కరించి 2003లో ఐదు దశలుగా ప్రకటించిరి. మొదటి రెండు దశలు సజీవములు, మూడవది సంధికాలము, చివరి రెండు నిర్జీవములు. చికిత్స ఈ దశను బట్టియే. అయిదు సెంటీమీటర్లకు లోబడిన మొదటిదశ తిత్తి అనేకపర్యాయములు ఆల్బెండజోల్ మాత్రలతోనే లొంగును. ఆ మాత్రలు నెలలతరబడి వైద్యుని పర్యవేక్షణలో వాడవలెను; బడులలో పిల్లలకిచ్చెడి ఒక్క మాత్రవలన ఈ పని కాదు. పెద్దదైనచో, స్కాను చూపుచుండగా సన్నని సూది పంపి, నీరు తీసి, పురుగును చంపు ద్రవమెక్కించి, మరల తీయు పద్ధతి కలదు. ఇదియు 1980లలో ట్యునీషియాలోనే మొదలైనది. పైని మేము నిందించిన సూదికి, ఈ సూదికి భేదమేమందురా? ఇచ్చట శత్రువెవరో ముందే తెలియును. మాత్రలు ముందే మొదలుపెట్టుదురు. ప్రమాదమునకు మందులు చేత సిద్ధముగా నుండును. పిల్లతిత్తులతో నిండినదానికి కత్తియే శరణ్యము.

నిర్జీవమైన నాలుగవ, అయిదవ దశలవారికి, వేరు బాధ లేనిచో, ఏమియు చేయక ఏటేట స్కానుతో చూచుచుండుట చాలును. ఈ మాటను మా పాఠకులు రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము. గడ్డ యనగానే కోయించుకొనవలె నన్నది మనవారి నమ్మకము. వర్షాధారపు రైతు ఎకరము కుదువపెట్టి, చచ్చిన తిత్తిని కోయించుకొని, ఆరునెలలు పనికి రాకుండ పడియుండుట యే శాస్త్రము? అట్లే, బ్రతికిన తిత్తిని గాలి నొప్పి యనుకొని పదేండ్లు కషాయములు మ్రింగుటయు దండుగయే. ఈ రెండు నష్టములనుండియు కాపాడునది చిత్రమును సరిగా చదివిన యొక్క కన్ను.

వింతచోట్ల పుట్టిన తిత్తుల కథ వేరు. ప్లీహము, మూత్రపిండము, గుండె, మెదడు, వెన్నెముక, దేనిని ఇది విడువలేదు. ఎముకలో నిది గుండ్రని తిత్తిగా పెరుగనే పెరుగదు. చెదపురుగువలె సందులవెంట ప్రాకిపోవును. అప్పుడు ఎక్స్-రే చూచినవారు క్షయ యని గాని, ఎముక క్యాన్సరని గాని పొరపడుట సహజము. క్షయ మిక్కుటముగా నున్న దేశమున, వెన్ను కూలిన రోగికి క్షయమందులు మొదలుపెట్టుటను తప్పుపట్టలేము. వెన్నుపాము ప్రక్కన ద్రాక్షగుత్తివలె నీటిబుగ్గలు వరుసగా నున్నవని చూపునది ఎం.ఆర్.ఐ.యే. కాలేయపు తిత్తికి పిత్తనాళముతో సంబంధ మేర్పడినదా యన్నదియు నదియే చక్కగా చెప్పును. ఊపిరితిత్తికిని, పగిలిన తిత్తికిని సి.టి. మేలు. ఏ రోగి కే యంత్రమో నిర్ణయించుట వైద్యుని పని. అన్ని స్కానులును తీయించుకొన్నవాడే అదృష్టవంతు డనుకొనుట రోగులకు వద్దు.

ఇక మన లోటేమి? యంత్రములు లేవని మే మనము. కర్నూలు, ఆదోని పట్టణములలో స్కానింగు కేంద్రముల బోర్డులకు కొదవ లేదు. కోడుమూరునుండి కర్నూలుకు సుమారు 40 కిలోమీటర్లు. బళ్లారి బాటపై బస్సులును కలవు. కాని కూలివానికి ఆ ప్రయాణ మొకనాటి కూలి, తోడు వచ్చినవాని కూలి, స్కాను రుసుము, మరల ఫలితము చూపించుటకు మరియొకనాడు. నొప్పి ఓర్వరాని దగువరకు వాడు కదలకపోవుటలో ఆశ్చర్యమేమి? వెళ్లినప్పుడును, చీటీపై 'కడుపునొప్పి' యను నొక్కమాట మాత్రమే వ్రాసి పంపుచున్నారు. రోగి గొర్రెల కాపరియో, ఇంట కుక్క కలదో, ఎన్నాళ్ల గడ్డయో ఆ చీటీ చెప్పదు. చదువువానికి ప్రశ్న తెలియక జవాబెట్లు దొరకును?

ఊరూరికి యంత్రము త్రిప్పరాదా యనినచో చట్టమడ్డమని కొంద రందురు. గర్భస్థ శిశువు ఆడదని తెలిసికొని చంపుటను మాన్పుటకై 1994లో చట్టము వచ్చినది. అల్ట్రాసౌండు యంత్రములన్నియు దాని యదుపులో నున్నవి. ఆ యదుపు అత్యవసరము. దానిని సడలించుమని మే మెన్నటికిని కోరము. కాని ఇతర వైద్యసేవలతో కూడిన సంచార వైద్యశాలలు నమోదైన యంత్రమును వెంట తీసికొనిపోవుటకు ఆ నిబంధనలే యనుమతించుచున్నవి. అర్జెంటీనా దేశమున రియో నీగ్రో రాష్ట్రము మనవలెనే గొర్రెల సీమ. 1990ల చివరనుండి అచ్చటి బడిపిల్లలకు అల్ట్రాసౌండు పరీక్షలు జరిపించుచు, పల్లెవైద్యులకే ఆ చిత్రము చదువుట నేర్పిరి. ఏ బాధయు తెలియకమునుపే పట్టుబడిన చిన్నతిత్తులకు మాత్రలు చాలినవి. కర్నూలు వైద్యకళాశాల కలదు, ప్రభుత్వ సర్వజన వైద్యశాల కలదు, అనుభవజ్ఞులగు శస్త్రవైద్యులు కలరు. నెలకొక నిర్ణీతదినమున కోడుమూరు, పత్తికొండ, ఆలూరు, ఎమ్మిగనూరులకు ఒక యంత్రమును, ఒక రేడియాలజిస్టును పంపుట ఈ జిల్లాకు మోయరాని భారమా? జిల్లా యధికారులు సమాధానము చెప్పవలెను.

యంత్రము వ్యాధిని చూపునే గాని ఆపదు. ఐస్లాండు దీవి ఒకప్పుడు ఈ వ్యాధికి ప్రసిద్ధికెక్కినది. 1863లో డెన్మార్కునుండి వచ్చిన క్రాబ్బే యను పండితుడు 100 కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో ఈ పురుగు కానవచ్చినది. పిదప అచ్చుపుస్తకము లింటింట పంచిరి. 1869లో కుక్కలపై చట్టము చేసిరి. గొర్రెల లోపలిభాగములను కుక్కలకు దొరకకుండ పాతిపెట్టిరి. ఎక్స్-కిరణములు పుట్టకమునుపే మొదలైన ఆ యుద్యమమువలన ఇరువదవ శతాబ్ది నడుమకు వ్యాధి యించుమించు మాసిపోయినది. నేడు కుక్కలకు ప్రాజిక్వాంటెల్ అను మందు కలదు, గొర్రెలకు టీకా కలదు. ఇవి లేకున్నను గొయ్యి కలదు. నీటిబుడగలున్న కాలేయమును కుక్కకు విసరక మూడడుగుల గోతిలో పాతుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు. మంద కట్టించు రైతు కాపరితో ధర మాటాడునప్పుడే కుక్కలకు మందు వేయించు మాటయు మాటాడవచ్చును. ఆ వ్యయమును తానే పెట్టుకొనినను, ఎరువు విలువలో నది యెంత?

గడ్డతో బాధపడి స్కానుకు వెళ్లువారు తమ వృత్తిని, ఇంటిలోని కుక్కను, గొర్రెలతో గల సంబంధమును అడుగకున్నను చెప్పవలెను. గడ్డలో నీరున్నదనినచో, హైడాటిడ్ అగునా కాదా, అగునేని ఏ దశయని అడుగవలెను. ఆ మాట కాగితముపై వ్రాయించుకొనవలెను. ఫిల్ములను, కాగితములను ఇంటి దస్తావేజులతోపాటు పెట్టెలో దాచవలెను; ఈ తిత్తి శస్త్రము తరువాతను ఏండ్లకు మరల తలయెత్తగలదు, అప్పటి వైద్యునికి పాత చిత్రముతో పోల్చి చూచుకొనుట యవసరము.